ఇచ్చిన చెయ్యే సోర్స్ కూడా ఇవ్వాలి

"మనం ఏమీ మార్చలేదు కదన్నా, సోర్స్ మనమెందుకు ఇయ్యల్ల? యాడుండాదో రాసిపెడితే సాలదా?"

కడపలో పాత కంప్యూటర్లకు, విండోస్‌కు బదులు లైనక్స్ అనే స్వేచ్ఛా వ్యవస్థ ఎక్కించి బళ్లకూ ఊరి గ్రంథాలయాలకూ ఇచ్చే మా చిన్న గుంపులోకి వచ్చిన ప్రతి కుర్రాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వేస్తాడు. వేయడంలో తప్పేమీ లేదు. డెబియన్ అనే స్వచ్ఛంద బృందం వాళ్లు కట్టిపెట్టిన లైనక్స్‌ను మనం పెన్‌డ్రైవ్‌లోకి దించాం. పైన తెలుగు ఫాంట్లు, ఒక కీబోర్డు లేఅవుటు, పిల్లల సాఫ్ట్‌వేర్ కొంత చేర్చాం. మైదుకూరుకో బద్వేలుకో పంపాం. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామును మనుషులు రాసిన మూలరూపం, డెబియన్ సర్వర్లలో ప్రపంచమంతటికీ తెరిచే ఉంది. దాన్ని మళ్లీ మనం మోయడమెందుకు?

మోయాలి అంటాను నేను. లైసెన్స్‌లో అలా ఉంది కాబట్టి అన్నది సగం జవాబే. ఆ నియమమే లేకపోతే అందరికంటే ఎక్కువ నష్టపోయేది మనలాంటి ఊళ్లేనని నా నమ్మకం. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ సగం సంగతి చూద్దాం. లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్, జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ రెండో వెర్షన్ కింద వస్తుంది. ఆ లైసెన్స్ 1991 జూన్ నాటిది. బైనరీని, అంటే యంత్రం నేరుగా నడిపే రూపాన్ని, ఎవరికైనా ఇచ్చేవాడికి అందులోని మూడో సెక్షన్ మూడు దారులు చూపిస్తుంది. ఒకటి, బైనరీతోపాటే పూర్తి సోర్స్ చేతికివ్వడం. రెండు, కనీసం మూడేళ్లపాటు ఎవరు అడిగినా, కాపీ చేసి పంపడానికి అయ్యే ఖర్చుకు మించకుండా సోర్స్ ఇస్తానని రాతపూర్వకంగా మాటివ్వడం. మూడు, తనకు అలాంటి మాట ఇచ్చినవాళ్ల కాగితాన్నే ముందుకు పంపడం. ఈ మూడోది వ్యాపారం కాని పంపిణీకే పనికొస్తుంది. అదీ మనకు బైనరీ ఆ కాగితంతో కలిసి వచ్చి ఉంటేనే.

ఇందులో ఎక్కడా "మార్చినవాడు మాత్రమే" అన్న మాట లేదు. బాధ్యత మార్పును బట్టి రాదు, పంపిణీని బట్టి వస్తుంది. డబ్బు తీసుకున్నామా లేదా అన్నదీ లెక్కలోకి రాదు. మనదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కిందే లెక్కగడుతుంది. కాపీ చేసి పంచే హక్కు రచయితది. ఆ హక్కులో మనకు వాటా ఇచ్చేది ఈ లైసెన్స్ ఒక్కటే. షరతు తప్పితే వాటా పోయినట్టేనని నాలుగో సెక్షన్ నిర్మొహమాటంగా చెబుతుంది.

ఈ తగువు కొత్తదేమీ కాదు. 2006లో మెపిస్ అనే చిన్న లైనక్స్ డిస్ట్రో (ఎక్కించుకోవడానికి సిద్ధంగా కట్టిన లైనక్స్ మూట) విషయంలో అచ్చం ఇదే ప్రశ్న లేచింది. డెబియన్, ఉబుంటుల నుంచి మార్పు లేకుండా తీసుకున్న ప్యాకేజీల సోర్స్ కూడా పంచేవాళ్లే అందుబాటులో ఉంచాలని జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తేల్చి చెప్పింది. చిన్నవాళ్ల మీద ఇంత బరువా అని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఫౌండేషన్ మాటే సరైనదని మాత్రం మా పెన్‌డ్రైవ్‌లు ఊళ్లు తిరిగాక గట్టిపడింది.

ఎందుకో చెప్పాలంటే వెర్షన్ల గొడవలోకి దిగాలి. వ్యాసంలో ఎక్కువ చోటు తినేది ఇదే, ఓపిక పట్టండి.

లైసెన్స్ అడిగేది ఏదో ఒక సోర్స్ కాదు, ఆ బైనరీకి సరిపోయే సోర్స్. మన పెన్‌డ్రైవ్‌లో ఉన్న కెర్నల్ ఏ వెర్షనో, ఏ ప్యాచ్‌లతో, ఏ సెట్టింగులతో కట్టారో అదే కావాలి. దాన్ని కట్టడానికీ ఇన్‌స్టాల్ చేయడానికీ వాడిన స్క్రిప్టులు కూడా అందులో భాగమే. ఇప్పుడు డెబియన్ అద్దం సర్వర్లు, అంటే ప్యాకేజీల నకళ్లు ఉంచే మిర్రర్లు, ఎలా నడుస్తాయో చూడండి. ఒక ప్యాకేజీకి భద్రతా సవరణ వస్తే కొత్త వెర్షన్ లోపలికొస్తుంది, పాతది కొన్నాళ్లకు జాబితాలోంచి తప్పుకుంటుంది. బైనరీతోపాటు దాని సోర్స్ కూడా వెళ్లిపోతుంది. వాళ్ల పద్ధతి అది, తప్పు పట్టలేం. అందరి చేతా ఎప్పటికప్పుడు తాజాది వాడించడం వాళ్ల పని.

మన పెన్‌డ్రైవ్ మాత్రం తాజా కాదు. ఉగాదికి కట్టిన ఇమేజ్ దసరాకు కూడా బద్వేలు పక్క ఏదో బడిలో నడుస్తూనే ఉంటుంది. అప్పుడు ఆ బడిలోంచి ఎవరైనా, మనం రాసిపెట్టిన చిరునామా పట్టుకుని డెబియన్ సర్వరుకు వెళ్తే అక్కడ వేరే వెర్షన్ కనిపిస్తుంది. డెబియన్ వాళ్లది స్నాప్‌షాట్ అని ఇంకో సేవ ఉంది. 2005 నుంచి వచ్చిన ప్యాకేజీలన్నీ తేదీలవారీగా అందులో దొరుకుతాయి. బంగారం లాంటి పని. దాని గురించి తెలిసినవాడు, ఏ తేదీ వెతకాలో ఎరిగినవాడు తెచ్చుకోగలడు. అట్లాంటివాడికి మన కాగితం ముక్కతో పనేముంది? తెలియనివాడి కోసమే కదా మనం చిరునామా రాసిపెడతామన్నది!

"ఇప్పుడు అందరి దగ్గరా జియో ఉండాది, నెట్ లేదన్నది పాత మాట" అని ఇంకో వాదన. నిజమే, నెట్ ఉంది. ఫోన్లో ఉంది. ఇక్కడ నెట్ లోటు సగమే, వెర్షన్ కనిపించకుండా పోవడం మిగతా సగం. పైగా ఆ బడి కంప్యూటరుకు ఒక్కోసారి వైఫై డ్రైవరే ఉండదు. మార్కెట్లో దొరికే చవక డాంగిల్ తెచ్చి తగిలిస్తే, దాని డ్రైవర్‌ను ఆ కెర్నల్‌కు సరిపోయేలా అక్కడికక్కడే కట్టుకోవాలి. కట్టడానికి అదే వెర్షన్ కెర్నల్ హెడర్లు కావాలి. వాటికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. ఈ సుడిలో తిరిగినవాళ్లకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు.

జీపీఎల్ మూడో వెర్షన్ 2007 జూన్ 29న వచ్చింది. ఈ విషయంలో అది కొంచెం దయ చూపించింది. బైనరీని సర్వర్ మీద పెట్టి పంచేవాళ్లు సోర్స్‌ను వేరే సర్వర్ మీద, అది పరాయివాళ్లదైనా సరే, ఉంచవచ్చు. దారి స్పష్టంగా చూపాలి. అయితే ఆ వెంటనే ఇంకో మాట ఉంది: సర్వర్ ఎవరిదైనా, అవసరం ఉన్నంతకాలం అది దొరికేలా చూసే పూచీ నీదే. పరాయి సర్వర్ పడిపోతే "నాకేం తెలుసు" అనే వీలు లేదు. రాతపూర్వక మాటను కూడా నెట్ ద్వారా ఉచితంగా అందించి తీర్చుకోవచ్చని ఒప్పుకుంది. ఆ మాట బైనరీ చేతిలో ఉన్నవాళ్లకు ఇస్తే చాలంది. రెండో వెర్షన్‌లో దారినపోయే ఎవరు అడిగినా ఇవ్వాల్సిందే. ఇన్ని సడలింపులు వచ్చినా కెర్నల్ మాత్రం రెండో వెర్షన్ దగ్గరే ఆగింది, చిన్న చిన్న కమాండ్లను ఒకే మూటగా కట్టిన బిజీబాక్స్ కూడా అంతే. కాబట్టి మన పెన్‌డ్రైవ్‌కు కఠినమైన నియమమే వర్తిస్తుందని అనుకుని నడుచుకోవడం మంచిది.

ఇక నా తీర్పు. మూడేళ్ల మాట ఇచ్చే దారి చిన్నవాళ్లకు ఉచ్చు. చూడ్డానికి తేలిక, ఒక కాగితం అచ్చేస్తే అయిపోతుంది. కానీ మూడేళ్లలో గుంపులోని కుర్రాళ్లు బెంగళూరుకో హైదరాబాదుకో పోతారు. హార్డ్‌డిస్కు చెడిపోతుంది. ఏ ఇమేజ్ ఎప్పుడు కట్టామో మర్చిపోతాం. పెద్ద కంపెనీకి ఒక విభాగం ఉంటుంది, మనకు ఒక బీరువా ఉంటుంది. మొదటి దారి, అంటే బైనరీతోపాటే సోర్స్ చేతికివ్వడం, చూడ్డానికి బరువు. ఇచ్చిన క్షణంలోనే బాధ్యత తీరిపోతుంది. ఆ తర్వాత ఎవరికీ ఏమీ బాకీ లేం. అప్పు పెట్టుకోవడం కంటే రొక్కం మేలని మన పెద్దలు వేరే సందర్భంలో అన్నా, ఇక్కడా అదే.

బరువు కూడా అనుకున్నంత లేదు. బిజీబాక్స్ సోర్స్ సుమారు రెండున్నర మెగాబైట్లు. ఈమధ్య కెర్నళ్ల సోర్స్ కుదించిన రూపంలో ఒక్కోటి 130, 140 మెగాబైట్ల దరిదాపుల్లో ఉంటుంది. లిబ్రేఆఫీస్ లాంటివి కొంచెం లావు. మొత్తం కలిపితే బైనరీ ఇమేజ్ కంటే సోర్స్ పెద్దదే అవుతుంది, కాదనను. అయినా ఇప్పటి పెన్‌డ్రైవ్‌లలో సగానికి సగం ఖాళీయే కదా. ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల జాబితా తీసి, ఒక్కోదాని మూల ప్యాకేజీ పేరూ వెర్షనూ రాయించి, ఆ సోర్స్‌లన్నీ దించే చిన్న స్క్రిప్టు ఇమేజ్ కట్టిన రోజునే నడపాలి. ఆ రోజే అనే మాటను గట్టిగా పట్టుకోవాలి. ఆ రోజు సర్వరులో అన్నీ ఉంటాయి. వారం ఆగితే ఒకటో రెండో జారిపోతాయి, వాటి కోసం స్నాప్‌షాట్ చుట్టూ తిరగాలి.

మినహాయింపులు త్వరగా చెప్పేస్తాను. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లైసెన్సులు సోర్స్ ఇమ్మని అడగవు. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్ల ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కూడా అడగదు, లైసెన్స్ పాఠం జత చేస్తే చాలు. డెబియన్ 12 నుంచి అధికారిక ఇమేజ్‌లలోనే వస్తున్న స్వేచ్ఛలేని ఫర్మ్‌వేర్‌కు (వైఫై లాంటి పరికరాల లోపల నడిచే ప్రోగ్రాములకు) అసలు సోర్సే మన చేతికి రాదు. లేనిదాన్ని ఇమ్మని ఎవరూ అనరు. మేము ఒక కాగితంలో "వీటికి సోర్స్ లేదు" అని పేర్లు రాసి పెడుతున్నాం. అదైనా తెలియాలి కదా జనానికి.

సరే, ఇంత చేస్తే అడిగేదెవరు? ఈ ప్రశ్నకు నా దగ్గర గొప్ప అంకెలేమీ లేవు. అడిగేవాళ్లు తక్కువ. ప్రొద్దుటూరు వైపు ఒక బడిలో తెలుగు సారు మాత్రం అడిగారు. పిల్లలు బొమ్మలు గీసే టక్స్ పెయింట్‌లో కింద వచ్చే సూచనలు కొన్ని ఆయనకు నచ్చలేదు. వాక్యం తెలుగులా లేదంటారు. "దీన్ని నేను దిద్దుకోవచ్చా నాయనా, లేక మీ ఊరోళ్లెవరైనా దిద్దాలా?" అని ఫోన్ చేశారు.

దిద్దుకోవచ్చు. కానీ ఎక్కడ? ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాములో ఉండేది ఎంఓ ఫైలు. అది యంత్రం చదివేందుకు మడిచిపెట్టిన రూపం. అనువాదకులు పనిచేసేది పీఓ ఫైలులో. అందులో ఒక్కో వాక్యం పక్కన అది ప్రోగ్రాములో ఎక్కడ వస్తుందో, ఏ ఉద్దేశంతో రాశారో వివరణలుంటాయి. ఎంఓ నుంచి పీఓను వెనక్కి లాగే పనిముట్టు లేకపోలేదు. లాగితే వాక్యాలొస్తాయి, వివరణలు రావు. ఒక బటన్ మీద రాసే రెండు మాటలు ఎవరిని ఉద్దేశించినవో తెలియకుండా తెలుగు చేయడం ఎంత నరకమో అనువాదం చేసినవాళ్లనే అడగండి. ఆ పీఓ ఫైలు ఆయన చేతిలోని పెన్‌డ్రైవ్‌లోనే, సోర్స్ ఫోల్డర్‌లో ఉంది. ఫోన్లోనే చూపించాను. సాయంత్రానికి ఆయన వాక్యాలు పిల్లల తెర మీద ఉన్నాయి.

జీపీఎల్ సోర్స్‌ను నిర్వచించిన తీరు ఇందుకే నాకిష్టం. మార్పులు చేయడానికి ఏ రూపం అనువైనదో అదే సోర్స్ అంటుంది. సీ భాషలో రాసిన ఫైళ్లేనని అనదు. ఆ సారుకు సీ భాష రాదు, రావాల్సిన పనీ లేదు. ఆయనకు సోర్స్ అంటే ఆ పీఓ ఫైలు.

కడపవాళ్లకు ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి నేను బ్రౌన్‌ను లాక్కొస్తుంటాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద ఇక్కడికొచ్చాడు. ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, ఊరూరా ఉన్న తాళపత్రాలు సేకరించి, ఒక ప్రతికీ ఇంకో ప్రతికీ తేడాలు సరిచూపించి శుద్ధప్రతులు రాయించాడు. ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు ఆయన పేరున్న గ్రంథాలయం ఆ బంగళా ఉన్న చోటే లేచింది. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. జనం చేతికొచ్చింది అచ్చు పుస్తకమే. అయితే దాని వెనకున్న ప్రతులను ఆయన పారేయలేదు. అవి మద్రాసు చేరి, అక్కడి ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో నిలిచాయి. బ్రౌన్ ఎంచుకున్న పాఠం తప్పని తర్వాతివాళ్లు వాదించగలిగారంటే, చూసుకోవడానికి ఆ ప్రతులు ఉండబట్టే. "వేమన పద్యాలు ఊరూరా ఉన్నాయి, కావాల్సినవాడు వెతుక్కుంటాడు" అని ఆయన ఊరుకుని ఉంటే ఆ తాటాకులు ఏ చెదలకు పోయేవో. పోలికను ఇంతకంటే లాగను. బ్రౌన్‌కు లైసెన్స్ షరతు లేదు, మనకుంది.

ఇప్పుడు అసలు పెద్ద దొంగల సంగతి. మా పెన్‌డ్రైవ్‌ల మీద ఇంత రాద్ధాంతం చేస్తున్న నేను, ఊళ్లో ప్రతి దుకాణం గోడకూ వేలాడే సీసీ కెమెరా డబ్బా గురించి మాట్లాడకపోతే అన్యాయం. ఇలాంటి డబ్బాల్లో, ఇంటి రౌటర్లలో, సెట్‌టాప్ బాక్సుల్లో చాలావాటి లోపల నడిచేది లైనక్స్ కెర్నలూ బిజీబాక్సే. పెట్టె విప్పితే వారంటీ కార్డు ఉంటుంది, సోర్స్ గురించిన మాట చాలాసార్లు ఉండదు. మా బంధువుల దుకాణంలో పెట్టించిన అలాంటి ఒక డబ్బా విషయంలో తయారీదారుకు సోర్స్ కావాలని రాశాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లింకు ఒకటి పంపి ఊరుకున్నారు. మళ్లీ రాశాను, అదే లింకు మళ్లీ వచ్చింది. సీలు విప్పని పెట్టె అమ్మిన అంగడాయన మీద నాకు ఫిర్యాదు లేదు, ఆయన ఏమీ కాపీ చేయలేదు. చేసింది ఆ తయారీదారే.

ఇలాంటివాళ్లను నిలదీస్తే ఏమవుతుందో చరిత్ర ఉంది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లైనక్స్ ఉందని 2003లో బయటపడింది. ఒత్తిడి వస్తే సోర్స్ విడుదల చేశారు. ఆ కోడ్ పునాది మీద 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే, రౌటర్లలో ఎక్కించుకునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మొదలైంది. కంపెనీ వదిలేసిన రౌటర్లకు ఏళ్ల తరబడి ప్రాణం పోస్తున్నది అదే. అదే ఏడాది జర్మనీలో కెర్నల్ డెవలపర్ హరాల్డ్ వెల్టే సైట్‌కామ్ అనే రౌటర్ల కంపెనీ మీద మ్యూనిక్ కోర్టుకు వెళ్లి జీపీఎల్‌ను అమలు చేయించాడు. అమెరికాలో 2007 నుంచి బిజీబాక్స్ రచయితల పక్షాన వరసగా దావాలు పడ్డాయి. 2021లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే సంస్థ విజియో టీవీల కంపెనీ మీద కాలిఫోర్నియాలో వేసిన దావా ఇంకో అడుగు ముందుకేసింది. వాళ్లు కాపీరైట్ యజమానులుగా రాలేదు, టీవీ కొన్నవాళ్లుగా వచ్చారు. సోర్స్ పొందే హక్కు కొన్నవాడికి కూడా ఉందన్నది వాదన. 2022లో ఫెడరల్ కోర్టు ఆ కేసును తిరిగి రాష్ట్ర కోర్టుకే పంపింది. కడపలో కెమెరా డబ్బా కొన్న అంగడాయన కూడా రేపు అదే మాట అనగలడా అన్నది నాకు ఆసక్తి.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని నేను పక్కకు నెట్టలేను. పెద్దవాళ్లు హాయిగా తప్పించుకుంటుంటే, ఉచితంగా పనిచేసే కుర్రాళ్ల మెడకు నియమాలు చుట్టడం ఏం న్యాయం? ఇంత తతంగం చూస్తే వాళ్లు విసిగి, దొంగ విండోస్ ఎక్కించి చేతులు దులుపుకుంటారు కదా? దీంట్లో బలముంది. అలా జరగడం చూశాను కూడా. అమలు చేసే తీరు మెత్తగా ఉండాలనే నేనూ అంటాను. ఆ దిశలో పని జరిగింది. తప్పు చేసినవాడు మొదటిసారి నోటీసు అందుకున్న 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు తిరిగొస్తాయని మూడో వెర్షన్ చెబుతుంది. 2017లో కెర్నల్ డెవలపర్లలో చాలామంది అదే వెసులుబాటును రెండో వెర్షన్‌కూ వర్తింపజేస్తామని ప్రకటించారు. అదే ఏడాది రెడ్ హ్యాట్, గూగుల్, ఫేస్‌బుక్, ఐబీఎం కూడా ఆ మాటే ఇచ్చాయి. కోర్టు చివరి దారి కావాలని, డబ్బు గుంజడం లక్ష్యం కాకూడదని 2015లోనే కన్జర్వెన్సీ, ఫౌండేషన్ కలిసి సూత్రాలు రాసుకున్నాయి. కాబట్టి ఎవరో పోలీసు వస్తాడన్న భయంతో ఈ పని చేయమని నేను చెప్పను. రాడు.

మెత్తదనం అమలులో ఉండాలి, నియమంలో కాదు. "మార్చనివాడికి మినహాయింపు" అని ఒక్క వాక్యం చేరిస్తే మొదట దూరేది మనం కాదు, ఆ కెమెరా డబ్బా కంపెనీ. "మేమేమీ మార్చలేదు, చిప్ తయారుచేసినవాడిని అడగండి" అంటుంది. చిప్‌వాడు ఇంకొకడిని చూపిస్తాడు. చివరికి అంగడాయన చేతిలో మిగిలేది ఒక చిరునామా, దాని వెనక ఇంకో చిరునామా. ఎవరు చేతికిచ్చారో వాళ్లే పూచీ అన్న నియమం ఈ గొలుసును తెంపుతుంది. చిన్నవాడికి మినహాయింపు ఇవ్వాలని జాలిపడేవాళ్లు పెద్దవాడి ముఖం కూడా ఒకసారి ఊహించుకోవాలి.

కంపెనీలకు లైనక్స్ అమ్మే రెడ్ హ్యాట్ 2023 జూన్‌లో చేసింది ఇంకో రకం. తన ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ సోర్స్‌ను బహిరంగంగా పెట్టడం మానేసి, కొనుక్కున్నవాళ్లకు మాత్రమే అందిస్తానంది. జనానికి సెంటాస్ స్ట్రీమ్, అంటే దాని తర్వాతి వెర్షన్‌కు ముందు రూపం, మిగిలింది. బైనరీ అందుకున్నవాడికి సోర్స్ అందుతోంది కాబట్టి నియమం అక్షరాలా నెరవేరిందనే వాళ్లున్నారు. ఆ సోర్స్‌ను బయట పంచితే ఒప్పందం రద్దు చేయగలమని బెదిరించడం వేరే షరతు పెట్టడమేననే వాళ్లూ ఉన్నారు. నేను రెండోవాళ్ల పక్షం. కాకపోతే మన వాదనకు పనికొచ్చే సంగతి ఇందులోనూ ఉంది: సోర్స్ "ఎక్కడో అందరికీ ఉంది" అని మనం నమ్ముకునేది ఎవరో ఒకరి దయ. ఒక ప్రకటనతో అది మారిపోవచ్చు. డెబియన్ అలా చేస్తుందని నేననడం లేదు. చేయదన్న నమ్మకం మీద మన బాధ్యతను ఆనించకూడదు, అంతే.

గుంపులో ఈ మధ్య చేరిన అమ్మాయి ఒకరు ఇంకో సంగతి లేవనెత్తారు, దానికి నేను తలొగ్గాను. ఇమేజ్ కట్టే మన స్క్రిప్టు, ఫాంట్లు చేర్చే మన సెట్టింగుల ఫైళ్లు, వీటిని సోర్స్ ఫోల్డర్‌లో పెడుతున్నామా? డెబియన్ సోర్స్ అంతా ఇచ్చి మన వంతును దాచుకుంటే, మన ఇమేజ్‌ను మళ్లీ కట్టుకోవాలనుకునే ఇంకో ఊరివాళ్లకు చెయ్యి అడ్డం పెట్టినట్టే. లైసెన్స్ వాటన్నిటినీ కచ్చితంగా అడుగుతుందా అంటే, అన్నిటి విషయంలో అడగకపోవచ్చు. అయినా వాటికి మూడో వెర్షన్ జీపీఎల్ తగిలించి లోపల పెట్టాం. స్క్రిప్టులో వ్యాఖ్యలు తెలుగులోనే ఉన్నాయి. జమ్మలమడుగు కుర్రాళ్లు దాన్ని తీసుకుని వాళ్ల పాలిటెక్నిక్ ల్యాబ్ కోసం వేరే ఇమేజ్ కట్టుకుంటున్నారు. అందులో మా ఫాంట్లు తీసేసి వేరేవి పెట్టారట. వాళ్ల పెన్‌డ్రైవ్‌లో సోర్స్ ఫోల్డర్ ఉందో లేదో అడగాలి.